గాలాలు లేని ఒడ్డు

పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన వారానికే మా అత్త నన్ను తెల్లవారగానే చెరువు ఒడ్డుకు తీసుకుపోయింది. కొత్త కోడలి చేత గంగమ్మకు ఏదో మొక్కు తీర్పిస్తుందేమోనని కాళ్లకు పసుపు రాసుకుని మరీ వెళ్లాను. ఆమె గింజలు ఒలిచేసిన మక్కజొన్న బెండు ఒకటి నా చేతిలో పెట్టి, "పిల్లా, కండ్లు భూమ్మీద పెట్టి నడువు. మొగులు తర్వాత సూద్దువు" అంది. ఆ పొద్దు నేను బురదలోంచి ఏరింది రెండు గాలాలు, చిక్కుపడ్డ కొంత ప్లాస్టిక్ దారం, రేకుతో చేసిన ఒక అబద్ధపు చేప. గాలాలు బెండుకు గుచ్చి, దారం దాని చుట్టూ చుట్టి ఇంటికి తెచ్చాం. నా పసుపు కాళ్లు మోకాళ్ల దాకా నల్లబడ్డాయి.

మా ఊరు లక్డారం అవతల, చుట్టూ ఫ్యాక్టరీలే. ఎనభైల నడుమ మాట ఇది. ఇంట్లో మూడు బర్రెలు ఉండేవి. మా ఇంటాయన అక్కడి మందుల ఫ్యాక్టరీలో హెల్పరే అయినా ఆ జీతం ఇవాళ ఉంటే రేపు ఉండేది కాదు. పొయ్యి వెలిగేది పాల మీదనే. ఆ బర్రెలు పొద్దున చెరువులో దిగి, ఒడ్డున తుంగా నాచూ మేసి, అక్కడే నీళ్లు తాగేవి. నేను రాకముందు ఒక దూడ ఎరకు పెట్టిన పిండిముద్దతో పాటు గాలం మింగి, మేత ముట్టక ఎండిపోయి చచ్చిందట. అప్పటి నుంచి బర్రెలు దిగేలోపల ఒడ్డంతా చూడనిదే అత్త నోట్లో నీళ్లు పోసుకునేది కాదు.

గాలాలు వేసేవాళ్లలో మా ఊరివాళ్లు తక్కువ. ఆదివారం వస్తే దగ్గర్లోని పెద్ద ప్లాంటు క్వార్టర్ల నుంచి స్కూటర్ల మీద వచ్చేవాళ్లు, ఎక్కువగా కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. కొర్రమట్ట చేపల కోసం ఎరగా రేకు చేపలు, రబ్బరు కప్పలు విసిరేవాళ్లు. అవి నీళ్లలో మునిగిన తుమ్మ మోళ్లకు తగులుకుని తెగేవి. నీళ్లు తగ్గినకొద్దీ ఒకటొకటిగా బురదలో తేలేవి. సోమవారం పొద్దున మా బెండ్లు నిండేవి, అత్త తిట్లూ నిండుగానే ఉండేవి.

ఒక సోమవారం గోదావరి వైపు నుంచి వచ్చిన ఉద్యోగి ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. "పెద్దమ్మగారూ, నిన్న నా రేకు చేప ఇక్కడే ఎక్కడో తెగిపోయిందండీ. మీకేమైనా కనబడిందాండీ?"

"కనవడ్డది" అంది అత్త. "నీ మూతికి గుచ్చి సూపియ్యాల్నా? మూడు ముండ్లున్నయి దానికి. రేపు నా బర్రె మింగితే పాలు నువ్విస్తవా?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. నాకు నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను. కానీ మంచివాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా పోయేముందు తనే ఒడ్డు వెతికేవాడు. దొరకనిది ఉంటే ఏ మోడు దగ్గర తెగిందో చెప్పి పోయేవాడు. రేకు చేపలను మాత్రం అత్త తిరిగి ఇవ్వలేదు. పట్కారుతో ముండ్లు విరిచేసి దూడల మెడలో కట్టేది. అవి ఎగిరినప్పుడల్లా తళుక్కుమనేవి, చూడముచ్చటగా ఉండేది.

కొన్నేళ్లు పోయాక గాలాలు తగ్గుతూ వచ్చాయి. ఆదివారం స్కూటర్లూ తగ్గాయి. చివరిసారి వచ్చినప్పుడు ఆ గోదావరాయన, "చేపలు మందుల కంపు కొడుతున్నాయండీ. మా ఆవిడ ఇంట్లోకి తేనివ్వడం లేదు" అన్నాడు. ఆయన అటు పోగానే అత్త, "పీడ వోయింది" అని మెటికలు విరిచింది. ఒకనాడు బెండుకు ఒక్క గాలమూ గుచ్చకుండా ఇంటికి వచ్చాం. ఆమె సంబరం చూడాలి! "ఇయ్యాల ఒక్కటి గూడ లేదు పిల్లా. ఇగ మన బర్రెలకు భయం లేదు" అంటూ తనే చాయ్ పెట్టి నాకు ఇచ్చింది. అత్త కోడలికి చాయ్ పెట్టడమంటే మా ఇండ్లలో చిన్న మాట కాదు. ఇద్దరం అరుగు మీద కూర్చుని హాయిగా తాగాం. గాలం పడని చెరువులో ఏం మిగిలి ఉంటుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. ఒడ్డున నురగ కట్టింది. ఒక వానకు చేపలన్నీ తెల్లగా తేలాయి. ఆ మురుగు ఎక్కడిదని మా ఇంటాయనను అడిగితే, "మా కంపెనీది కాదు, పక్క కంపెనీది" అనేవాడు. పక్క కంపెనీలో పనిచేసే మా మరిదిని అడిగితే అతనూ అదే మాట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఎవరో సార్లు జీపులో వచ్చి సీసాల్లో నీళ్లు నింపుకుని పోయారు. మళ్లీ రాలేదు.

మా పెద్ద బర్రె సూడితో ఉండి ఈసుకుపోయింది, నెలలు నిండకుండానే దూడ పోయింది. పాలు ఎండాయి. మేత ముట్టదు, లేపితే లేవదు. అత్తకు ఒకటే అనుమానం, గాలం మింగిందని. పశువుల డాక్టరు వచ్చి చూసి, "గాలం కాదమ్మా, ఈ నీళ్ల వల్లనే అనిపిస్తోంది" అన్నాడు. ఆమె వినలేదు. "గాలమే సారు. నేనే ఏడనో ఒకటి ఇడిసిపెట్టిన" అని నెత్తి కొట్టుకుంది. రాత్రి పగలు దాని పక్కనే కూర్చుంది. నాలుగోనాడు అది పోయింది.

కోయించి చూడాల్సిందేనని పట్టుబట్టింది. డాక్టరు పొట్ట కోశాడు. అత్త పక్కనే గొంతుకూర్చుని, ఎవరు వద్దన్నా వినకుండా, పేగుల్లో తన చేతులతో వెతికింది. సగం అరిగిన గడ్డి, నల్లటి నీళ్లు. చాలాసేపు వెతికింది. చివరికి మోచేతుల దాకా తడిసిన చేతులతో అట్లాగే నేల మీద కూలబడి, "ఒక్క గాలమన్న లేకపాయె బిడ్డా" అని ఏడ్చింది. గాలం ఉంటే బాగుండునని నేనూ ఏడ్చాను. గాలమైతే ఏరుకునేవాళ్లం. నీళ్లను ఎట్లా ఏరాలి?

మిగిలిన రెండింటినీ అమ్మేద్దామని మా ఇంటాయన సంతకు తోలుకుపోయాడు. ఊరి పేరు వినగానే బేరగాళ్లు మొహం తిప్పుకున్నారట. చీకటి పడ్డాక వాటితోనే తిరిగి వచ్చాడు. మా బోరు నీళ్లూ అప్పటికే చెడిపోయాయి. ట్యాంకరు నీళ్లు మనుషుల గొంతు తడపడానికే చాలడం లేదు.

మర్నాడు పొద్దెక్కేసరికి కొట్టంలో రెండూ దప్పికతో ఒకటే అరుపు. అత్త లేచి ఒడ్డుకు నడిచింది. వెనక పగ్గాలు పట్టుకుని నేను. ఆమె అలవాటుగా వంగి ఒడ్డంతా చూసింది, నురగను కట్టెతో పక్కకు నెట్టి మరీ చూసింది. గాజు పెంకు కూడా లేదు. నాకు పగ్గాలు వదలబుద్ధి కాలేదు.

"వద్దత్తమ్మా" అన్నాను.

"మరి ఏడికి తోల్కపోదాం, నువ్వే జెప్పు."

నేను పగ్గాలు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"దూపగొన్నయి బిడ్డా. ఇడువు."

విడిచాను. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోకి దిగాయి.