ప్రభుదాసు తీసిన కార్డు

ప్రభుదాసు కుడిచేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ యాడబోయినాయని ఎవరన్నా అడిగితే, "శిరివెళ్ల చేలల్లో నాటినా, ఇంకా మొలకెత్తలా" అనేవాడు. తెలియనివాళ్లు నవ్వేవాళ్లు. తెలిసినవాళ్లు తల తిప్పుకునేవాళ్లు.

ఇరవై రెండేళ్ల వయసులో అతను ఊరి పెద్దమనిషి వెంట తిరిగే గుంపులో ఉన్నాడు. ఒకరోజు కందిచేను గట్టున కూర్చుని నాటుబాంబుకు పురికొస చుడుతుంటే అది చేతిలోనే పేలింది. పక్కన కూర్చున్నవాడి దవడ ఎగిరిపోయింది. ప్రభుదాసు తన వేళ్లను వెతుక్కోలేదు, చేనంతా పాకుతూ ఆ దవడ కోసం వెతికాడు. దొరకలేదు. అయినా గుంపును వదల్లేదు. ఆ మరుసటి ఏడు ఆళ్లగడ్డ బస్టాండు వెనక ఒక మనిషిని పడేసి, మోకాలి చిప్పను గుండ్రాయితో పగలగొట్టాడు. ఆ మనిషి పేరు కూడా అతనికి తెలియదు. పైవాడు చెప్పాడు, ఇతను చేశాడు. మాట వినడమంటే అప్పట్లో అతనికి తెలిసింది అదే.

లూదియాతో పెళ్లయ్యాక గుంపు మానేశాడు. అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు చెప్పే మనిషి ఆమె. "ఇంట్లోకి కొడవలన్నా రావాల, నేనన్నా రావాల, ఏది కావాల్నో చెప్పు" అని పెళ్లిచూపుల్లోనే అడిగింది. ప్రభుదాసు ట్రాక్టరు కొనుక్కుని, ఆళ్లగడ్డలో బొమ్మలు చెక్కేవాళ్లకు రాళ్లు తోలుతూ, కోతల కాలంలో నంద్యాల మిల్లులకు వడ్లు తోలుతూ బతుకుతున్నాడు. కానీ గుంపును ఇతను మరిచిపోయినంత సులువుగా అవతలివాళ్లు ఇతన్ని మరిచిపోలేదు.

పద్నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అతనికి చలిజ్వరం వచ్చి, తమ్ముడు ప్రదీప్ ట్రాక్టరెక్కాడు. ప్రదీప్ ఏ గుంపులోనూ లేనివాడు. కోడిని కోయమన్నా పక్కింటివాణ్ణి పిలిచేవాడు. వాగు మలుపులో ముందు బాంబు పడింది, తరువాత పొగలోంచి కొడవళ్లు వచ్చాయి. చెన్నకేశవులు అనేవాడు మెడ మీద వేటు వేసి, వంగి మొహం చూసి, "వీడు గాదురా" అన్నాడట. అన్నవాడు లేచిపోలేదు. చూసినవాణ్ణి వదిలితే ఎట్లని రెండో వేటు వేశాడు. ఇదంతా గట్టు మీద గొర్రెలు కాస్తున్న మనిషి ప్రభుదాసుకు చెప్పాడు. కోర్టులో మాత్రం తన గొర్రెలు తప్ప ఇంకేమీ చూడలేదన్నాడు. చెన్నకేశవులు విడుదలై, దండ వేసుకుని ఊళ్లోకొచ్చాడు.

సమాధి గుంతలోకి మట్టి తోస్తూ ప్రభుదాసు రెండు మాటలు అనుకున్నాడు. ఒకటి, ఎనిమిదేళ్ల వినయ్‌ను, అంటే ప్రదీప్ కొడుకును, ఏ గుంపు నీడా తగలకుండా పెంచాలని. రెండోది, చెన్నకేశవుల్ని నరకాలని. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని అతనికి తోచలేదు. వినయ్ తల్లి రెండేళ్లకే జబ్బుచేసి పోయింది. పిల్లవాడు ఈ ఇంట్లోనే పెరిగాడు. ప్రభుదాసు కేసీ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆదివారం తప్పకుండా గుడికి పోయాడు, గొంతెత్తి పాడాడు. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడల్లా అడిగింది మాత్రం ఒక్కటే: "ప్రభువా, వాణ్ణి నాకు చూపించు." అడిగి లేచిపోయేవాడు. జవాబు కోసం ఒక్కరోజూ కూర్చోలేదు.

జనవరి ఒకటిన పొద్దున ఆరాధన అయ్యాక పాస్టరయ్య రేకు డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వస్తాడు. అందులో వాగ్దాన కార్డులుంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తియ్యాలి. ఆ ఏడంతా దేవుడు తనతో చెప్పే మాట అదేనని అందరి నమ్మకం. కొందరు దాన్ని గోడకు అంటిస్తారు, కొందరు దిండు కింద పెట్టుకుంటారు. ఆ ఏడు ప్రభుదాసు తీసిన కార్డు మీద గులాబీ పువ్వు బొమ్మ, దాని కింద ఒక్క వరుస ఉంది. పగవాణ్ణి నీ చేతికి అప్పగిస్తానని.

ప్రభుదాసు కూడబలుక్కుని మూడుసార్లు చదివాడు. ఇంటికొచ్చి వినయ్‌కు చూపించాడు. ఇరవై రెండేళ్ల వినయ్ నంద్యాలలో బైకుల షోరూములో పనిచేస్తున్నాడు.

"చూసినావ్రా? పద్నాలుగేండ్లు అడిగినా. ఇప్పటికి పలికినాడు."

వినయ్ దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని స్టేటస్ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ప్రభుదాసు లూదియాకు తెలియకుండా అటక మీద దాచిన వేటకొడవలిని దించాడు. పిడికి ఎర్రగుడ్డ చుట్టి, ఆళ్లగడ్డనుంచి తెచ్చిన విరిగిన రాతిముక్క మీద నూరసాగాడు. లూదియా వచ్చి గడపలో నిలబడింది.

"పెండ్లిచూపులనాడు ఏం జెప్పినావయ్యా నాకు?"

"నీకు చెప్పింది మనిషి. ఇప్పుడు చెప్తాండేది దేవుడు."

"యాడ జెప్పినాడు?"

అతను జేబులోంచి కార్డు తీసి చూపించాడు. ఆమె వరుస చదివి, లోపలికిపోయి గ్రంథం తెచ్చుకుని, ఆ వరుస ఉన్న చోటు వెతికి, అధ్యాయం మొదటినుంచి చదవసాగింది. పిల్లలకు పాఠం చెప్పే గొంతు ఆమెది. ఎక్కేది లేదు, దిగేది లేదు.

"గమ్మునుండు" అన్నాడు ప్రభుదాసు.

ఆమె చదవడం ఆపలేదు. రాజు తరుముతుంటే గుహలో దాక్కున్న మనిషి కథ అది. ఆ రాజే ఒంటరిగా ఆ గుహలోకి వస్తాడు.

"విను. ఈ మాట గుహలో దేవుడు అన్నది గాదు. పక్కన నిలబడినోళ్లు అన్నారు, దేవుడు చెప్పిన రోజు ఇదే, కానియ్యి అని. దాక్కున్న ఆయప్ప కొట్టలా. రాజు పైబట్ట అంచు మాత్రం కోసుకున్నాడు. దానికే ఆయప్ప గుండె కొట్టుకులాడిందంట. నీ కార్డులో అచ్చేసినోడు పక్కనోళ్ల మాట ఏసినాడు, ఆయప్ప చేసింది ఎయ్యలా."

"కార్డులో నీ పెత్తనం అచ్చేసినారా? దేవుని మాట ఉంది. చాలు."

"ఏడాది పొడుగూ ఒక్క వరస చాలా నీకు? నువ్వు దేవుని మాట వింటాండావా, నీ కడుపులో మంట వింటాండావా?"

అతను రాతిమీద నీళ్లు చల్లి మళ్లీ నూరాడు. ఆ గరగరలో ఆమె గొంతు వినబడకూడదని బలంగా నూరాడు. ఆమె మాత్రం చివరి వచనందాకా చదివే లేచింది. కొడవలిని ట్రాక్టరు సీటు కింద, పానాల పెట్టెలో పెట్టాడు.

జనవరి చివరి వారంలో, సోనా వడ్ల బస్తాలు వేసుకుని నంద్యాల మిల్లుకు పోతున్నాడు. పట్టణం ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుంది. మిట్టమధ్యాహ్నం. కాలువ వంతెన దగ్గర రెండు బైకులు అడ్డంగా పడి ఉన్నాయి. ఎదురుగా ఒక మనిషి పరుగెత్తుకుని వస్తున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తోలుకు వేలాడుతోంది. దాన్ని ఎడమచేత్తో రొమ్ముకు అదుముకుని, చంటిబిడ్డను మోసినట్టు మోస్తూ వస్తున్నాడు. ట్రాక్టరు ముందుచక్రం దగ్గర బోర్లాపడ్డాడు. తార్రోడ్డు మీద రక్తం బుడగలు కక్కింది.

చెన్నకేశవులు.

వెనక ముగ్గురు. ముఖాలకు తువ్వాళ్లు కట్టుకున్నారు. ముందువాడి చేతిలోని కొడవలి పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. ప్రభుదాసు చెయ్యి సీటు కిందికి పోయింది. పెట్టెలో పానాలే తగిలాయి.

ముందువాడు తువ్వాలు లాగేశాడు. వినయ్. మొహమంతా రక్తపు చుక్కలు. పళ్లు పటపట కొరుకుతున్నాడు.

"దిగు పెదనాయనా! దేవుడు చెప్పిన రోజు ఇదే. నీకే అప్పగించినాడు. నువ్వే కానియ్యి."

కొడవలి పిడిని తిప్పి అందించాడు. ప్రభుదాసు దిగి అందుకున్నాడు. మూడు వేళ్లూ పిడి చుట్టూ బిగుసుకున్నాయి. కొట్టాలనే ఉంది. ఆ మాట ఎవరి దగ్గరా అతను ఎప్పుడూ దాచలేదు. ఒళ్లంతా కొట్టమనే అంది. కాలితో చెన్నకేశవుల్ని వెల్లకిలా తిప్పాడు. మెడ మీద నరం కొట్టుకుంటోంది.

"ఒక్క దెబ్బతో కానియ్యప్పా" అన్నాడు చెన్నకేశవులు. "నాన్చొద్దు."

కొడవలి పైకి లేచింది. అప్పుడు అతనికి ఆకాశంలోంచి ఏ శబ్దమూ రాలేదు. లూదియా గొంతు వినబడింది, అంగన్‌వాడీ గొంతు, ఎక్కేది లేదు దిగేది లేదు. "పక్కన నిలబడినోళ్లు అన్నారు." ప్రభుదాసు పక్కకు చూశాడు. పక్కన ముగ్గురు నిలబడి ఉన్నారు. మూడు వారాల కిందట ఆమె చదివిన మాటనే, పొల్లుపోకుండా, వాళ్లలో ఒకడు ఇప్పుడే అన్నాడు. వాడు తను పెంచిన బిడ్డ. ఆ మాటను వాడి నోట్లో పెట్టింది తనే. కొడవలి నూరి పెట్టిందీ తనే.

చెయ్యి దించడానికి పట్టిన కాలంలో ఒక మనిషిని నాలుగుసార్లు నరకొచ్చు. కొడవలిని కాలువలోకి విసిరేశాడు.

"ఏందీ పనీ! థూ!" అంటూ వినయ్ దోస్తు ఒకడు ముందుకు దూకాడు. "ముసలోడు బెదిరినాడ్రా, జరుగు!" కొడవలి ఎత్తి చెన్నకేశవుల మెడకు విసిరాడు. ప్రభుదాసు అడ్డం పడ్డాడు. వేటు అతని కుడిభుజం వెనక దిగింది. ఎముక మీద ఇనుము గీరిన శబ్దం అతనికే వినబడింది.

"ఒరేయ్, మా పెదనాయన్రా!" అని వినయ్ అరిచాడు. వాడి రొమ్ము మీద గుద్దాడు, కిందపడేసి మొహమంతా పగలగుద్దాడు. మూడోవాడు వచ్చి లాగితే విడిపించుకుని, దోస్తులిద్దరూ బైకెక్కి పారిపోయారు. దూరంగా ఆగిన బస్సు వెనక్కి మళ్లింది. ఒక ఆటోవాడు చూసి, ఆగకుండానే పోయాడు.

"రేయ్ వినయ్. వాణ్ణి ట్రాలీలోకి ఎత్తు."

"పెదనాయనా, వీడు మా నాయన్ను..."

"తెలుసు. ఎత్తు. ఆ చేతిని పైన గట్టిగా పట్టుకో. వదిలితే పోతాడు. పోతే నువ్వు కూడా పోయినట్టే."

ప్రభుదాసు ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, గేరు మార్చినప్పుడల్లా పళ్లు కొరుకుతూ నడిపాడు. వడ్ల బస్తాల మీద చెన్నకేశవులు పడుకుని ఉన్నాడు. తను నరికిన చేతిని రెండు బొటనవేళ్లతో నొక్కి వినయ్ కూర్చున్నాడు. బస్తాలు తడిసి రక్తం వడ్లలోకి దిగింది.

"ఎవరివిరా నువ్వు?" అన్నాడు చెన్నకేశవులు.

"ప్రదీప్ కొడుకును."

చెన్నకేశవులు తల తిప్పి వాడి మొహంలోకి చూశాడు.

"మొదటి దెబ్బ పొరపాటురా. రెండోది గాదు." ఇంకొంచెం దూరం పోయాక అన్నాడు, "వదలాలనుంటే వదులు."

వినయ్ ఏడ్చాడు. బొటనవేళ్లు తెల్లబడేదాకా నొక్కుతూ ఏడ్చాడు. వదల్లేదు.

ఆస్పత్రిలో చెయ్యి దక్కలేదు, మనిషి దక్కాడు. ఎస్సై వచ్చినప్పుడు వినయ్ పారిపోలేదు, అడక్కముందే చెప్పాడు. రాసుకుంటున్న ఎస్సై ముందుకు ప్రభుదాసు కట్టుతోనే వచ్చి నిలబడ్డాడు.

"కొడవలి నాది సార్. నూరింది నేనే. వాడికి ఆ మాట చెప్పింది కూడా నేనే."

"నిన్నెవరడిగినారప్పా?"

"ఎవరూ అడగలా. చెప్పాల."

ప్రభుదాసు ఇరవై ఆరు రోజులు లోపలున్నాడు. వినయ్‌కు బెయిలు రావడానికి ఏడు నెలలు పట్టింది. కేసు ఇంకా నడుస్తోంది. ఊళ్లో ఇరుపక్కలవాళ్లూ ప్రభుదాసును చూసి ఉమ్మేశారు. ఒక పక్కవాళ్లకు అతను నరకబోయినవాడు, ఇంకో పక్కవాళ్లకు నరకలేనివాడు. ఎవరో ట్రాక్టరు అద్దాలు పగలగొట్టారు. ఎవరని అతను ఆరా తియ్యలేదు.

జైలునుంచి రాగానే ఒకసారి చెన్నకేశవుల దగ్గరికి పోయాడు. అరుగు మీద మొండిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చెన్నకేశవులు పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఎందుకు ఆపినావప్పా?"

"దేవుడు ఆపమన్నాడు. ఆపినా."

"అంటే నన్ను క్షమించినట్టేనా?"

ప్రభుదాసు తన మూడు వేళ్లను చూసుకున్నాడు.

"ల్యా. నిన్ను చూస్తే ఇప్పటికీ చెయ్యి లేస్తాంది. క్షమించమని కూడా చెప్తాండాడు. ఇంకా వింటాండా."

చెన్నకేశవులు తలుపు వైపు తిరిగి, మంచినీళ్లు తెమ్మని కేకేశాడు. ప్రభుదాసు తాగి వచ్చేశాడు.

మళ్లీ జనవరి ఒకటి వచ్చింది. పాస్టరయ్య డబ్బాతో ముందుకొచ్చినప్పుడు ప్రభుదాసు ఎడమచేత్తో ఒక కార్డు తీశాడు. చదవలేదు, జేబులో పెట్టుకోలేదు. ఇంటికొచ్చి లూదియా చేతికిచ్చాడు.

"ఇది యాడిదో చూడు. మొదటినుంచి చదువు."

ఆమె పేజీలు తిప్పి చూసింది. "శానా పొడుగుందయ్యా ఈ అధ్యాయం. పొయ్యి మీద కూరుంది."

"మాడనీ. చదువు."

ఆమె చదవసాగింది. గడపలో వెల్లుల్లి ఒలుస్తున్న వినయ్ చేతులాపి విన్నాడు. ప్రభుదాసు గోడకానుకుని, నొప్పి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. సగంలో కార్డు మీది వరుస వచ్చింది. లూదియా ఆగి అతని వైపు చూసింది.

"ఆపొద్దు" అన్నాడు. "పోనీ, పోనీ. దాని తర్వాత ఏముందో చదువు."