నచ్చిన వార్తనే అనుమానించడం నేర్పిన విఠల్ సార్

పంజాగుట్టలోని మా వార్తాసంస్థలో కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పమన్నారు. బోర్డు మీద రాయడానికి మార్కర్ మూత తీయగానే ఘాటైన సిరా వాసన ముక్కుకు తగిలింది. అమీర్‌పేటలో పోటీపరీక్షల కోచింగ్ సెంటర్, మూడో అంతస్తులో ఇరుకు బెంచీలు, మాకు వర్తమాన వ్యవహారాలు చెప్పిన విఠల్ సార్ గుర్తొచ్చారు. సార్‌ది సిరిసిల్ల, నేతపని కుటుంబం. నేను తెనాలి నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో ఉండేదాన్ని.

ఆ వేసవిలో రెండు పరాయి దేశాల మధ్య యుద్ధం మొదలైంది. ఒకే దాడి గురించి ఇరుపక్షాల పత్రికలూ, మరో దేశపు పత్రికా ఏం రాశాయో సార్ బోర్డు మీద పక్కపక్కనే రాసేవారు. ఒకదానిలో చనిపోయినవాళ్లు ఉగ్రవాదులు, మరోదానిలో పసిపిల్లలు. "చెప్పినోడు ఆడ ఉన్నడా? లేకుంటే ఎవరి నోట విన్నడు? ఏ ముచ్చట చెప్పకుండ ఇడిచిపెట్టిండు? గీ మూడు అడగాలె," అనేవారు. ఇవేవీ పరీక్షలో రావని మేం విసుక్కునేవాళ్లం.

నా విసుగు ఒక్క ఉదయంతో వదిలింది. మా అక్క సుజాత ఆ దేశాల్లో ఒకదానిలో నర్సు. ఆమె పనిచేసే ఆస్పత్రి కూలిపోయిందంటూ ఒక వీడియో వచ్చింది. అక్క ఫోన్ కలవడం లేదు. "టీవీలో కూడా అదే చూపిస్తున్నారే, దానికేమైందోనే," అని అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. పరుగున క్లాసుకు వెళ్లాను. సార్ పాఠం ఆపి, ఆ వీడియోను మూడుసార్లు చూశారు.

"మీ అక్క ఉన్న కాడ ఎండలా, చలా?"

"ఎండలే సార్. వేడి తట్టుకోలేకపోతున్నానని నిన్ననే చెప్పింది."

"మరి వీళ్లంతా స్వెటర్లు ఏసుకున్నరు చూడు. ఇది ఇప్పటిది కాదు బిడ్డా."

ప్రాణం లేచొచ్చింది. "అయితే అక్క బాగానే ఉందా సార్?" అన్నాను. ఇంకెవరైనా అయితే అవుననేసేవారు. ఆయన అనలేదు. "గా మాట నాకు తెల్వది. బాంబులేసిన సర్కారు ఆస్పత్రికి గీత సుత పడలేదంటున్నది. వీళ్లది అబద్ధమైనంత మాత్రాన వాళ్లది నిజం కాదు. జర ఓపిక పట్టు." ఇద్దరం కూర్చుని వెతికాం. ఆస్పత్రి పక్క రోడ్డు మీద బాంబు పడిందన్న ఒక్క సంగతే ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అమ్మకు అంతే చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. అద్దాలన్నీ పగిలాయట, రోగులతో కలిసి నేలమాళిగలో ఉందట. కూలిందన్నదీ అబద్ధమే, గీత పడలేదన్నదీ అబద్ధమే.

వారం తర్వాత సార్ క్లాసుకు వచ్చి, పుస్తకం తెరవకుండా నిలబడ్డారు. "మొన్న నేను చెప్పిన కాల్పుల వార్త తప్పు. నాకు నచ్చే పత్రిక, నాకు కోపమున్న దేశం మీద రాసింది. అందుకే ఆ మూడు ప్రశ్నలు నేను అడగలేదు. తప్పు నాదే," అన్నారు. వెనక ఎవరో నవ్వారు. తలుపు దగ్గరున్న సెంటర్ యజమాని చిన్నబుచ్చుకుని, "పిల్లల ముందు గిట్లంటే మీ మాట ఎవరు నమ్ముతరు సార్?" అన్నాడు.

"ఇగ నమ్ముతరు," అన్నారు సార్.

ఎనభైమంది ముందు ఆయన తల దించలేదు. ఆ రోజు ఆ గదిలో ఉన్నందుకు నాకు ఇవాళ్టికీ గర్వమే.

నాకు ప్రభుత్వోద్యోగం రాలేదు. అంతర్జాతీయ వార్తల డెస్కు దొరికింది. కిందటి నెల ఒక యుద్ధవార్తను నేను ఆపేయడంతో మిగతా వార్తాసంస్థలన్నిటికంటే వెనకబడ్డాం. ఎడిటర్ గారు కేకలేశారు. సాయంత్రానికి అది కట్టుకథని తేలింది. "ఎలా పసిగట్టావమ్మా?" అని అడిగారు.

"పసిగట్టలేదండీ. అది నిజమైతే బాగుండునని నాకు అనిపించింది. అందుకే ఆపాను," అన్నాను.