తలుపు మోసిన టీచరమ్మ

మా అంగన్‌వాడీ టీచరమ్మ పోయిందని మొన్న పొద్దున మా అన్న ఫోన్ చేశాడు. నేనప్పుడు బడిలో ఉన్నాను. భద్రాచలం అడవి అంచున, నడవలేని, చూడలేని, వినలేని పిల్లలకు నేను పాఠాలు చెప్పే గది అది. ఆమె లేకపోతే ఆ గదిలోకి నేను వచ్చేదాన్నే కాదు.

మా అమ్మానాన్నలు రాష్ట్రం హద్దు అవతల నుంచి వచ్చి ఇక్కడ గుడిసె వేసుకున్నారు. నేను ఇక్కడే పుట్టాను. పుట్టుకతోనే కాళ్ళు పనిచేయవు. పెనుబల్లి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన టీచరమ్మ, చెప్పులు చేత పట్టుకుని వాగు దాటి మా గూడేనికి వచ్చేది. పిల్లకు గుడ్డు పెట్టలేదని ముందు మా అమ్మను తిట్టేది. తిట్టడం అయ్యాక తన సంచిలోంచి గుడ్డు తీసిచ్చేది.

పోలియో చుక్కలు వేశాక తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెడతారు కదా! మా దగ్గర ఒక్క వానకే సుద్ద కొట్టుకుపోయేది. టీచరమ్మకు అది నచ్చలేదు. బట్టలుతికేవాళ్ళు గుర్తులు పెట్టుకునే నల్లజీడి గింజను పిన్నుతో గుచ్చి, ఆ రసంతో మా మద్దిచెక్క తలుపు మీద నా పేరు రాసింది. వచ్చినప్పుడల్లా దాని కింద తారీకు వేసేది. రసం తగిలి ఆమె చూపుడువేలు పొక్కి మచ్చ పడిపోయింది.

"ఎందుకమ్మా గింత తిప్పలు?" అని నాన్న అడిగితే, "పిల్ల ఉన్నట్టు ఏదో ఒకతాన రాసి ఉండాలె గదా" అంది.

నాకు ఆరేళ్ళు నిండాక నాన్న నన్ను భుజాన వేసుకుని బడికి తీసుకెళ్ళాడు. "పిల్ల ఈడిదేనని నివాసం కాగితం తే" అన్నాడు పెద్దసారు. ఇంటి నంబర్లే లేని గూడేనికి ఆ కాగితం ఎవరిస్తారు? పైగా అంతకు ముందే మా అన్నను ఏ కాగితమూ అడక్కుండా చేర్చుకున్నది ఆ సారే. అన్న నడుస్తాడు, నేను నడవను. తేడా అంతే.

సంగతి విని టీచరమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "తలుపు ఊడదియ్యి" అంది నాన్నతో. నాన్న తెల్లమొహం వేశాడు. "కాగితం లేకుంటే ఏంది? తలుపుంది గదా. జల్దీ కానియ్యి!"

ఊడదీసిన తలుపు మీద నన్ను కూర్చోబెట్టి, ముందు నాన్న, వెనక టీచరమ్మ పట్టుకుని వాగు దాటించారు. నాకైతే ఊరేగింపులాగే ఉంది. రోడ్డెక్కాక ఆటోలో మండల విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాం. ఆమె ఆ తలుపును ఆఫీసరు బల్లకు ఆనించి నిలబెట్టింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడాయన.

"నివాసం కాగితం సార్. ఆరేండ్ల సంది పిల్ల ఈ తలుపు ఎనకనే ఉంది. చదువుకోండి. చుక్కలెయ్యనీకి దొరికిన ఇల్లు, బడికి ఎందుకు దొరకదు?"

ఆయన తారీకులన్నీ పైనుంచి కిందిదాకా చదివాడు. వేలితో రుద్ది చూశాడు. మరక పోలేదు. ఇక నవ్వాపుకోలేక నవ్వేశాడు. అక్కడికక్కడే పెద్దసారుకు ఫోన్ చేసి, "కాగితం లేదని పిల్లను ఆపొద్దని తెల్వదా? చేర్చుకోండి" అన్నాడు. మర్నాటి నుంచి నేను బడిపిల్లను. ఆ రోజు టీచరమ్మ నడక చూడాలి, ఎలక్షన్ గెలిచినట్టే!

ఉద్యోగం వచ్చాక ఆ తలుపునే మా గది మెట్ల మీద ఏటవాలుగా వేయించాను, చక్రాల కుర్చీలు ఎక్కడానికి. రాతలు అరిగిపోతాయేమోనని నేను దిగులుపడితే, ఆమె మచ్చ వేలితో గీకి చూపించింది. "తొక్కనియ్యి బిడ్డా. తొక్కితే పోయేది గాదిది. నువ్వు మాత్రం పిల్లలను ముందు లోపలికి రానియ్యి, కాగితాలు ఎనక చూసుకోవచ్చు." ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు.

మొన్న అన్నతో మాట్లాడి తలెత్తేసరికి వాకిట్లో ఒకామె, చంకలో నడవలేని కూతురు. "మేడం, మాకు కాగితాలేం లేవు" అంది బెరుగ్గా.

కళ్ళు తుడుచుకుని, నా కుర్చీని తలుపు మీదుగా కిందికి దింపాను. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మళ్ళీ పైకెక్కాను. వెనకే వస్తున్న తల్లి, నల్లటి అక్షరాలు చూసి కాలు పెట్టకుండా ఆగిపోయింది.

"తొక్కమ్మా, పోవు" అన్నాను.