మాట పడిపోయిన లాప్‌టాప్

నాకు చూపు లేదు. తొమ్మిదో ఏట వచ్చిన జ్వరంతో పోయింది. ఇప్పుడు పుంగనూరులో ఒక కాలేజీలో తెలుగు చెబుతున్నాను. పాఠాలు రాసుకోవడం, ప్రశ్నపత్రాలు తయారు చేయడం, విద్యార్థుల హాజరు పంపడం, అన్నీ లాప్‌టాప్ మీదే. తెర మీది అక్షరాలను స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. కీబోర్డు నా వేళ్లకు తెలుసు. ఆ గొంతు పలికినంత కాలం నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

పోయిన వేసవి చివర్లో ఆ గొంతుకు నత్తి వచ్చింది. వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేది. ఒకే అక్షరాన్ని పదిసార్లు పలికి, ఆ తర్వాత నిమిషం పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. ఆ నిమిషంలో లాప్‌టాప్ పనిచేస్తోందో లేదో, నేను కొట్టిన మాటలు ఎక్కడికి పోతున్నాయో తెలిసేది కాదు. అడుగున చెయ్యి పెట్టి ఫ్యాను తిరుగుతోందా అని చూసుకునేదాన్ని. ఒకరోజు స్టాఫ్‌రూంలో అలా కూర్చుని ఉంటే, పక్క సీటు మేడం నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు చెప్పండి, నేను టైపు చేసిస్తాను" అంది. మంచి మనసుతోనే అంది. అయినా నేను వద్దన్నాను. హాస్టల్లో చదివే రోజుల్లో ఎవరైనా వచ్చి పాఠం చదివిపెడతారేమోనని సాయంత్రాలన్నీ గడప దగ్గర కూర్చున్నాను. మళ్లీ ఆ గడప దగ్గరికి వెళ్లాలని లేదు.

శనివారం అమ్మా నేనూ బస్సెక్కి మదనపల్లె వెళ్లి ఒక కంప్యూటర్ షాపులో చూపించాం. అమ్మది పెద్దపంజాణి దగ్గర పల్లె. నాకు ఉద్యోగం వచ్చేదాకా గొర్రెలు మేపింది. ఇప్పుడు పుంగనూరులో నాతోనే ఉంటుంది. షాపతను లాప్‌టాప్ తెరిచి, "ఆమెకు ఏం కావాలంటమ్మా?" అని అమ్మను అడిగాడు.

"పాపకు చెవులు బాగుండాయప్పా. పాపనే అడుగు" అంది అమ్మ.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఆపరేటింగ్ సిస్టం పాడైపోయిండాది మేడం. రెండు దార్లుండాయి. కొత్త వెర్షనుకు అప్‌గ్రేడ్ చేస్తే మీ ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు యాడివి ఆడనే ఉంటాయి. ఇప్పుడుండే తెగులు కూడా ఉండిపోవచ్చు. అంతా తుడిచేసి మళ్లీ ఎక్కిస్తే కొత్తదాని మాదిరి పనిచేస్తాది. కానీ దాంట్లో ఉండేది ఏదీ మిగలదు. ఏం సేయమంటారు?"

"తిరిగిచ్చేటప్పుడు మాట్లాడుతుందా?" అని అడిగాను.

"మాట్లాడేది మాకు తెలీదు మేడం. ఆన్ అయితాది."

లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని మళ్లీ బస్సెక్కాను. పుంగనూరు వచ్చేదాకా రెండు దార్లూ తలలో తిరుగుతూనే ఉన్నాయి. అప్‌గ్రేడ్ చేస్తే, అది సగంలో ఆగిపోయి పూర్తిగా మూగబోతే? తుడిచేస్తే, ఏదైనా దాచుకోవడం మరిచిపోయి ఉంటే? ఒక్కో దారి చివరా ఒక్కో భయం కూర్చుని ఉంది. అమ్మ రెండుసార్లు, "యాల అట్ల మొగం పెట్టుకోనుండావు?" అని అడిగింది.

ఇంటికి రాగానే కుప్పంలో ఉన్న అన్నకు ఫోన్ చేశాను. సొంత అన్న కాదు. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు మా సీనియర్. ఆయనకూ చూపు లేదు. బ్యాంకులో పని. మాలాంటి వాళ్ల కంప్యూటర్లకు జబ్బు చేస్తే ఫోన్లోనే వైద్యం చెబుతాడు. అంతా విని, "తుడిచేయాల్సిందేమ్మా" అన్నాడు. "నేను పెన్‌డ్రైవ్‌లో సిస్టం ఎక్కించి కొరియర్‌లో పంపిస్తా. ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎత్తిపెట్టుకో. ఒకటే చిక్కు. ఎక్కించేటప్పుడు నీ లాప్‌టాప్‌కు గొంతు ఉండదు. తెర మీద ఏముండాదో ఎవరన్నా సూసి సెప్పాల."

"నేను సూస్తా" అంది పక్కనుంచి అమ్మ.

అమ్మ అయిదో తరగతి చదివింది. ఇంగ్లీషు అక్షరాలు రావు. అంకెలు వచ్చు. నాకు చూపు పోయినప్పటినుంచి ఏ గొర్రె ఏ రంగులో ఉందో, మబ్బు ఎటు పట్టిందో, ఎదురొస్తున్న మనిషి మొహం ఎలా ఉందో చెబుతూనే ఉంది. అయినా నాకు ధైర్యం చాల్లేదు. ఆ వారమంతా ఫైళ్లు ఎత్తిపెడుతూ గడిపాను. లాప్‌టాప్ మధ్యమధ్యలో మూగబోతుంటే, పాఠాలు వచ్చాయా, పోయిన ఏడాది ప్రశ్నపత్రాలు వచ్చాయా అని ఒక్కోటీ రెండేసిసార్లు వెతుక్కున్నాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మధ్యలో కరెంటు పోతే అంతే. అమ్మ వీధిలో లైన్‌మన్‌ను ఆపి, "ఆదివారం కరెంటు తీస్తారా?" అని అడిగి వచ్చింది. తీయరని చెప్పాడట.

ఆదివారం పదకొండుకు మొదలుపెట్టాం. ఫోను స్పీకర్‌లో పెట్టి మధ్యలో ఉంచాం. పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్ నొక్కగానే, అన్న చెప్పినట్టే లాప్‌టాప్‌లో ఏ శబ్దమూ లేదు.

"ఏం కనిపిస్తాండాదమ్మా?" అని అడిగాడు అన్న.

"అంతా నీలంగా ఉండాది నాయనా. నడిమధ్యలో తెల్ల డబ్బా."

ఆయన చెప్పిన కీలు నేను నొక్కుతూ పోయాను. తెర మారినప్పుడల్లా అమ్మ చెప్పింది. కాసేపటికి అన్న గొంతు నెమ్మదించింది. "ఇప్పుడు జాగర్తమ్మా. డిస్క్‌లో భాగాలు వరసగా సూపిస్తాది. మూడు వరసలుండాల. రెండోది సిస్టం, దాన్నే తుడవాల. మూడోదాంట్లో ఫైళ్లుండాయి, దాన్ని తాకకూడదు. ఎన్నుండాయి?"

అమ్మ లెక్కపెట్టింది. "నాలుగుండాయి నాయనా."

"మళ్లీ సూడమ్మా" అన్నాడు అన్న.

"నాలుగే. అన్నిటికంటే కిందుండేదానికి తొమ్మిది, మూడు, ఒకటి. పక్కన కొడవలి మాదిరి వంగిన అక్షరం, దాని పక్కన రెండు పొట్టల అక్షరం."

తొమ్మిది వందల ముప్ఫై ఒక జీబీ. నా చెయ్యి లాప్‌టాప్ పక్కకు పోయింది. వైరు తగిలింది. వారమంతా ఎత్తిపెట్టిన ఫైళ్లున్న హార్డ్‌డిస్క్ ఇంకా గుచ్చే ఉంది.

"అన్నా, హార్డ్‌డిస్క్ తీయలేదు."

"పీకెయ్. ముందు దాన్ని పీకెయ్‌మ్మా."

పీకేశాను. ఆయన చెప్పిన కీ నొక్కితే వరసలు మూడయ్యాయి. రెండోదానికి తొమ్మిది తొమ్మిది అని చదివింది అమ్మ. "అదే. దాని మీదికి పోయి..." అని అన్న చెబుతుండగానే ఫోను కట్టయింది. మళ్లీ చేశాను. అందుబాటులో లేదని చెప్పింది. మూడుసార్లు చేసినా అదే మాట.

"ఇబ్బుడేం సేస్తాం పాపా?"

ఆపేయొచ్చు. ఇంకా ఏదీ తుడవలేదు. కానీ ఇవాళ ఆపితే మళ్లీ కూర్చునే ధైర్యం నాకు రాదని తెలుసు. బాణం కీ నొక్కాను. నీలం రంగు రెండో వరస మీదికి వచ్చిందని అమ్మ చెప్పింది. ట్యాబ్ నొక్కుతూ పోతే, కింద మాటల చుట్టూ గీత ఒకదాని నుంచి ఒకదానికి జరుగుతోందంది. ఒక్కో మాటకూ మొదటి అక్షరం ఎలా ఉందో చెప్పమన్నాను. తొమ్మిదేళ్లదాకా చూసిన అక్షరాలు నాకింకా గుర్తే.

"నిలువు గీత. దానికి పైనొక అడ్డగీత, నడుముకాడొకటి" అంది.

ఎఫ్. ఫార్మాట్. ఎంటర్ నొక్కాను. చిన్న డబ్బా వచ్చిందని చెప్పింది. అది ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని.

"అమ్మా, నీలం రంగు రెండోదాని మీదే ఉందా?"

"రెండోదాని మీదే."

"తొమ్మిది తొమ్మిదేనా?"

"ఎన్నితూర్లు సెప్పాల? తొమ్మిది తొమ్మిదే." గొంతు తగ్గించి, "నేను సూసింది తప్పయితే?" అంది.

ఆ మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. తడిగా ఉంది. రెండో చేత్తో ఓకే నొక్కాను.

అక్షరాలు అలాగే అడిగి నెక్స్ట్ కూడా నొక్కాక, సిస్టం ఎంత శాతం ఎక్కిందో అమ్మ అంకెలు చదువుతూ కూర్చుంది. పన్నెండు. ఇరవై ఏడు. అరవై నాలుగు దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత వంద అయింది. అప్పుడు, "అంతా నల్లగా అయిపోయినాది. నీ మొగం, నా మొగం కనిపిస్తాండాయి" అంది. ఏమీ చేయకుండా కూర్చున్నాం. ఎంతసేపో తెలీదు.

అన్న ఫోన్ వచ్చింది. ఆయన ఫోను ఛార్జింగ్ అయిపోయిందట, ఛార్జరు వెతుక్కునేసరికి ఇంతసేపు పట్టిందట. మేం చేసింది విని, "ఫార్మాట్ కొట్టేసినారా?" అని అడిగాడు. లాప్‌టాప్ తిరిగి లేచాక ఫోన్ వైరు తగిలించి నెట్ ఇమ్మన్నాడు. ఇరవై నిమిషాల తర్వాత స్పీకర్లలో చిన్న టక్కుమన్న శబ్దం వచ్చింది. ఆయన చెప్పిన మూడు కీలు కలిపి నొక్కితే, సిస్టంతో పాటే వచ్చే ఎవరో పరాయి మగగొంతు ఇంగ్లీషులో మాట్లాడింది. అమ్మ ఉలిక్కిపడింది. నేను మాత్రం ఆ గొంతు వెంటే పోయి మూడో భాగం తెరిచి చూశాను. పాఠాలున్నాయి. ప్రశ్నపత్రాలున్నాయి.

సాయంత్రానికి పాత స్క్రీన్ రీడర్ ఎక్కించుకున్నాను. తెలుగు గొంతు నత్తి లేకుండా గలగలా చదివింది. సంతోషపడబోతూ ఆగిపోయాను. మా ఊరి పేరును అది ఏదో వింత మాటగా పలికింది. విద్యార్థుల పేర్లు కూడా అంతే. తప్పు పలికిన మాట దొరికినప్పుడల్లా ఎలా పలకాలో దానికి నేర్పుతూ వచ్చాను. ఆ జాబితా తుడిచేసిన భాగంలో ఉండిపోయింది. దాన్ని దాచుకోవాలని తట్టనేలేదు. ఏడేళ్లుగా ఒక్కో మాటా చేర్చిన జాబితా అది. అమ్మకు చెబితే, "మాట వచ్చిండాది గదా. మళ్లా నేర్పుకో" అంది. ఆమెకు అంత తేలిగ్గా ఎలా ఉందో నాకర్థం కాలేదు. ఆ పూట అన్నం సరిగా తినలేకపోయాను. మర్నాడు క్లాసులో హాజరు పిలుస్తుంటే లాప్‌టాప్ పలికిన పేర్లకు పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారంలో అరవై పేర్లు సరిచేశాను.

రెండు నెలల తర్వాత అన్న ఫోన్ చేసి, ఆయన లాప్‌టాప్ కూడా అలాగే నత్తి పడుతోందని చెప్పాడు. తన ఇంట్లో వాళ్లకు ఓపిక లేదని, తెర చూసి చెప్పడానికి మా అమ్మ వస్తుందా అని మొహమాటంగా అడిగాడు. ఒక ఆదివారం పొద్దున ఇద్దరం కుప్పం వెళ్లాం. అంతమందికి దారి చెప్పిన మనిషి, తన సొంత లాప్‌టాప్‌ను ఎన్నడూ తుడవలేదని ఆ రోజే తెలిసింది. అమ్మ ఎదురుగా కూర్చుని వరసలు, అంకెలు చదివింది. ఆయన కీలు నొక్కాడు. ఫార్మాట్ దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. మళ్లీ చదవమన్నాడు. అమ్మ చదివింది. మూడోసారీ చదివింది.

"ఈ దినం వద్దులేమ్మా" అన్నాడు చివరికి. "ఇంకేమన్నా మరిచిపోయినానేమో సూసుకుంటా."

అమ్మ ఆయన్ని తొందరపెట్టలేదు. "సరేలే నాయనా. ఎబ్బుడు రమ్మంటే అబ్బుడు వస్తాం" అంది. అక్కడే భోంచేసి, నాలుగు గంటల బస్సుకు పుంగనూరు బయలుదేరాం.