తువ్వాలు కట్టుకున్న మాస్టారు

కళ్లకు తువ్వాలు కట్టుకుంటే తప్ప కెమిస్ట్రీ మాస్టారు కాలేజీ ల్యాబుకు ఒక్క వస్తువూ కొనేవారు కాదు.

ఆ సంగతి తెలియని సేల్స్‌మన్ మొదటిరోజు, ఆయనకు తలనొప్పేమోనని మాత్ర ఇవ్వబోయాడు.

“ఈ బీకరు చూడటానికి ముత్యంలా ఉంటుంది సార్.”

“చూడకపోతే ఎలా ఉంటుందో చెప్పవయ్యా,” అన్నారు మాస్టారు, ముడి బిగిస్తూ.

నున్నటి గాజు చేతిలోంచి జారి భళ్లుమంది. పిడి ఉన్నది తెస్తే, అంకెలు వేలికి తగలడం లేదన్నారు. ఉబ్బెత్తు అంకెలది తెస్తే, బల్లమీద పెడుతున్నాననుకుని గాల్లో పెట్టారు.

“ఆయనకు కాస్త తిక్కేమోనండీ,” అని అటెండరు దగ్గర వాపోయాడు సేల్స్‌మన్.

“కాస్తేమిటి? నిన్న ఆ కట్టుతోనే ప్రిన్సిపాల్‌గారికి టీ పోశారు.”

“కప్పులోనేనా?”

“కప్పులో కూడా.”

తరవాతి వారం సేల్స్‌మన్ సంచీ మోసుకొచ్చేసరికి ల్యాబులో మాస్టారి పక్కన ప్రిన్సిపాల్ ఉన్నారు. ఆయన ఎదుట చూపులేని అమ్మాయి ఒకతె నిలబడి ఉంది.

“ప్రయోగం నువ్వొక్కదానివే చెయ్యాలమ్మా. లేదంటే సైన్సు సీటు వదులుకోవాల్సిందే,” అంటున్నారు ప్రిన్సిపాల్.

సేల్స్‌మన్‌కు తువ్వాలు సంగతి అప్పుడు అర్థమైంది. సంచీ చప్పుడు కాకుండా దించాడు.

అమ్మాయి బల్లమీద వస్తువులన్నీ తడిమింది. సూదిలేని సిరంజి దగ్గర ఆగింది.

“దీని కాడకు ఇన్ని గాట్లేంటి సార్, దువ్వెనలాగా?”

“మిల్లీలీటరుకొకటి. నేనే కట్టు కట్టుకుని పరీక్షించానమ్మా.”

“మీకు చూపు పోయి గంటే కదా సార్. నాకు పుట్టినప్పటి నుంచీ లేదు. అయిదింటికొకటి చాలు, మధ్యది వేలికే తెలుస్తుంది. నన్నడగొచ్చు కదా?”

మాస్టారు మూలనున్న గాజుపెంకుల బుట్ట వైపు చూశారు. “అంటే నేను పగలగొట్టినవన్నీ…”

“వృథా సార్. ఇందాక మీరు వినిపించిన, రంగు మారితే కూత మార్చే ఈ పరికరం మాత్రం బాగుంది.”

ఆ ఒక్క మాటకే ఆయన మొహం వెలిగిపోయింది.

ఆమె సేల్స్‌మన్ సంచీలోంచి కొత్త సిరంజి తీయించుకుని, ఆకురాయి అడిగి, తనే గాట్లు పెట్టుకుంది. ఆమ్లంలోకి క్షారం చుక్కచుక్కగా వదిలింది. పరికరం సన్నగా కూస్తూ కూస్తూ ఉన్నట్టుండి గొంతు మార్చింది. ఆమె చెయ్యి ఠక్కున ఆగింది.

ప్రిన్సిపాల్ వంగి చూశారు. ఫ్లాస్కులో లేత గులాబీరంగు. ఒక్క చుక్క ఎక్కువైనా ముదిరిపోయేదే.

“సీటు నీదేనమ్మా,” అని మెల్లగా బయటికి నడిచారు.

మాస్టారు శభాష్ అనేలోపే అమ్మాయి సేల్స్‌మన్ వైపు తిరిగింది. “అన్నా, గరాటుల్లో వెడల్పువి ఉన్నాయా? ఇది కాదు. ఇదీ కాదు. అడుగున ఇంకేమున్నాయి?”

మాస్టారు ఓ స్టూలు లాక్కొచ్చి సేల్స్‌మన్ పక్కన వేశారు.

“కూర్చోవయ్యా. మా అమ్మాయి ఇప్పట్లో వదలదు.”