మొలకెత్తని హోస్టాలు

గల్ఫ్‌లో, మెసయీద్‌లోని కంపెనీ క్వార్టర్ వెనక నీడలో సత్యవేదం హోస్టా కుండీలను సాకుతుంటాడు. ఆ వెడల్పాకుల మొక్క ఏటా మళ్ళీ చిగురించాలంటే శీతాకాలంలో దానికి గట్టి చలి తగలాలి. ఇక్కడ అంత చలి ఉండదు. అందుకే చలికాలమంతా డ్యూటీ దిగగానే, యూనిఫాం కూడా మార్చకుండా, కుండీల చుట్టూ ఐసుగడ్డలు పేర్చి తడి గోనెసంచి కప్పేవాడు. అవి భార్య తెరెసా నాటిన మొక్కలు. ఆమె ఇప్పుడు జబ్బుపడి కాకినాడ ఆసుపత్రిలో ఉంది. మార్చి నెల వెళ్ళిపోతున్నా మొలక రాకపోయేసరికి, ఇవాళ మట్టి తవ్వి చూశాడు. దుంపలు కుళ్ళిపోయి ఉన్నాయి. అంతలో తెరెసా ఫోన్ చేసింది.

"మొలకలొచ్చాయాండీ?"

"వచ్చాయి. రెండేసి ఆకులు కూడా వేశాయి."

"వీడియోలో చూపించండి."

సత్యవేదం మట్టి చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు గానీ కెమెరా ఆన్ చేయలేదు.

"వద్దులెండి," అంది తెరెసా. "ఇక్కడ డాక్టర్లు కూడా నాకు తగ్గిపోతోందనే చెబుతున్నారు."