ఇవాళ వద్దన్న పిన్ని

మా పిన్ని పోయింది. ఆదివారం పొద్దున చర్చికి తయారవుతుంటే బాబాయి ఫోన్ చేసి, "మీ పిన్ని లేవట్లేదమ్మా" అన్నాడు. నేను డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీకి చేరేసరికి వాళ్లింటి ముందు చెప్పులు గుట్టపడి ఉన్నాయి.

ఆమె రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో నర్సు. కొన్నేళ్లు నేనూ ఆమె దగ్గరే పనిచేశాను. రక్తం ఇవ్వడానికి వచ్చి, ఏదో కారణంతో వెనుదిరగవలసిన వాళ్లకి కూడా ఆమె టీ, బిస్కెట్లు ఇప్పించేది. "ఇవ్వని వాళ్లకెందుకు పిన్నీ?" అంటే, "ఇద్దామనే వచ్చారు కదే" అనేది. "వద్దని ఊరుకుంటే మనిషి మళ్లీ రాడు. ఎప్పుడు రావాలో కూడా చెప్పాలి."

ఆ మాట చెప్పబోయి ఆమె దెబ్బలు తినడం నేను చూశాను.

ఆ రోజు ఊరి బయట సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఫర్నేసు పేలింది. కరిగిన ఇనుము మనుషుల మీద పడింది, పైనున్న దూలాలు కూలాయి. మా ఆసుపత్రి వరండా నిండా కాలిన చర్మం వాసన, కేకలు. ఒక కుర్రాడి కాళ్లు రెండూ తొడల దాకా నలిగిపోయాయి. స్ట్రెచర్ కింద రక్తం ధార కట్టింది. అదే ఫ్యాక్టరీలో పనిచేసే అతని అన్న మా గదిలోకి దూసుకొచ్చి చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు.

పిన్ని అడగవలసినవి అడిగింది. మలేరియా తగ్గి నెలే అయిందన్నాడు. అంత తొందరగా రక్తం తీసుకోకూడదు.

"ఇవాళ వద్దు భయ్యా. మీ తమ్ముడికి వేరే రక్తం..."

మాట పూర్తి కాలేదు. ఇనుప స్టూలు ఎత్తి విసిరాడు. పిన్ని కనుబొమ్మ చిట్లింది. గార్డులొచ్చి అతన్ని కింద పడేసి లాఠీలతో, బూట్లతో కుమ్మారు. పిన్ని మధ్యలోకి దూరింది. ఒక లాఠీ దెబ్బ ఆమె భుజం మీదే పడింది.

"మత్ మారో! కొట్టకండి, వదలండి!"

ముఖం మీద రక్తం కారుతుండగానే అతని పక్కన చతికిలబడి, "మూడు నెలలాగి రా. నీ రక్తం చెడ్డది కాదు" అంది హిందీలో.

సాయంత్రానికి తమ్ముడు చనిపోయాడు.

మూడు నెలలు దాటాక పిన్ని, "అమ్మాయ్, స్కూటీ తియ్యి, ధర్సీవా పోదాం. ఆ అన్నదమ్ముల ఇల్లు అక్కడే, కనుక్కున్నా" అంది.

"మళ్లీ కొడతాడు పిన్నీ."

"కొట్టనీ. తనవల్లే తమ్ముడు పోయాడనుకుంటున్నాడేమో, పాపం."

అతను మమ్మల్ని చూడగానే గొడ్డలి అందుకున్నాడు. "నాది తీసుకునుంటే వాడు బతికేవాడు!" అని అరుస్తూ తలుపు మీద వేటు వేశాడు. చెక్క చీలింది. నేను వెనక్కి దూకాను. పిన్ని కదల్లేదు.

"రక్తం అందింది బేటా. నేనే పంపించాను, ఎక్కించారు కూడా. దెబ్బ పెద్దది. నీది తీసుకోనందుకు పోలేదు వాడు."

గొడ్డలి వదిలేసి అతను రెండు చేతులతో తన తలే బాదుకున్నాడు. పిన్ని ఆ చేతులు పట్టుకుంది. ఎంత విదిలించినా వదల్లేదు.

అతను వెంటనే రాలేదు. చాన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం, ఎవరూ పిలవకుండానే బ్లడ్ బ్యాంకుకి వచ్చాడు. అన్నీ పరీక్షించి పిన్నే సూది గుచ్చింది. బ్యాగు నిండుతుంటే అతను తల తిప్పి దాన్నే చూశాడు.

"ఎవరికి పోతుంది?"

"తెలీదు."

అతను మెల్లగా పిడికిలి మూస్తూ, తెరుస్తూ ఉన్నాడు. పిన్ని అతని నుదుటి మీద చెయ్యి వేసింది. బ్యాగు నిండేదాకా తియ్యలేదు.